మా అత్తమ్మ అసలు గొంతు

మా అత్తమ్మ పోయింది. బోనాలు అయిపోయి ఇంకా నెల తిరగలేదు. పొద్దున్నే పాలకోసం వచ్చినవాళ్లే ఆ వార్త మోసుకుపోయారు, పాలు పోయించుకోవడం మరిచిపోయి. సాయంత్రానికి శాలిబండలోని మా ఇంటి అరుగు మీద ఎవరివో తెలియని స్టీలు గిన్నెలు మిగిలిపోయాయి. నిద్రలోనే పోయింది. అంతకుముందు జొన్నరొట్టె తిని, కూరలో ఉప్పు తక్కువైందని నన్ను నాలుగు మాటలని మరీ పడుకుంది. అంత హాయిగా పోయిన మనిషిని తలుచుకొని ఏడుద్దామన్నా నాకు ఏడుపు రాలేదు. మర్నాడు ఆ గిన్నెలు కడిగేటప్పుడు మాత్రం వచ్చింది.

ఆమె పాటగత్తె. పాతబస్తీలో, ఆ మాటకొస్తే ఊరంతటా, ఆషాఢంలో స్తంభానికి కట్టిన మైకుల్లోంచి వినబడే బోనాల పాటల్లో చాలా వరకు ఆమెవే. క్యాసెట్ల మీద అమ్మవారి బొమ్మ ఉండేది కానీ ఈమె పేరుండేది కాదు. కాబట్టి మీకు పేరు తెలియకపోయినా గొంతు తెలుసు అనుకుంటారు. అదే తప్పు. మీకు ఆ గొంతు కూడా తెలియదు. ఆ సంగతి చెప్పాలనే ఇది రాస్తున్నాను. ఆమె లేని ఇంట్లో కూర్చొని రాస్తున్నా సరే, ఆ చివరి ఏడాది గుర్తొస్తే నాకు కాళ్లు నేల మీద నిలవవు. సంతాపం రాయాల్సిన చోట సంబరం రాస్తోందేమిటని ఎవరైనా అనుకుంటే అనుకోనివ్వండి.

మాది కృష్ణా జిల్లా. నాన్నగారి ఉద్యోగం వల్ల ఈ ఊరొచ్చాం. మా ఆయన నేను పనిచేసిన ఆఫీసులోనే పరిచయం. పొద్దున గేదెలు, పగలు ఫైళ్లు ఆయన బతుకు. కాపురానికొచ్చిన రోజున మా అలవాటు ప్రకారం "అత్తయ్యగారూ" అని పిలిచాను. "గారు గీరు ఏందే, నేనేమన్న తహశీల్దారునా? అత్తమ్మ అను" అంది. ఆ రోజునుంచీ అత్తమ్మే.

కొత్త కోడలు ఆషాఢంలో అత్తగారింట ఉండకూడదు కదా, మొదటి ఏడు పుట్టింట్లోనే గడిపాను. మరుసటి ఏడు ఇక్కడే ఉన్నాను. గల్లీ చివర మైకులో ఒక పాట మొదలైంది. సన్నని గొంతు, గలగలమని పరిగెడుతోంది. "ఈ పాప ఎవరండీ, ఇంత బాగా పాడుతోంది?" అన్నాను మా ఆయనతో. ఆయన నవ్వి, "పాప ఏంది? మా అమ్మ గదా!" అన్నాడు. అత్తమ్మ పాడుతుందని నాకు తెలుసు. గేదెల దగ్గర కూనిరాగాలు తీస్తుంటే విన్నాను. అది బరువైన గొంతు. కుండలోంచి వచ్చినట్టుండేది. ఇదెక్కడ, అదెక్కడ? నేను పకపకా నవ్వాను. పాలు వడగడుతున్న అత్తమ్మ తలెత్తకుండానే అంది: "నవ్వు బిడ్డా, నవ్వు. నేను గూడ మొదలు గట్లనే నవ్విన."

అప్పుడు చెప్పింది. ఆమెకు ముప్పై ఏళ్లున్నప్పుడు పురానాపూల్ దగ్గర ఒక ఇంట్లో, గోడలకు పరుపులానించి, ఆమె చేత పాటలు పాడించి టేపులో ఎక్కించారట. పక్కన ఒక డోలక్, ఒక బెంజో. బెంజో అంటే మన పాతబస్తీ బెంజో, టైపు మిషను లాంటి మీటలు నొక్కుతూ తీగలు మీటేది. ఆ క్యాసెట్లు అమ్మింది బేగంబజార్‌లో ఒక సేఠ్. పాటలన్నీ చిన్న క్యాసెట్‌లో పట్టలేదు. పెద్దది వేస్తే ఆయనకు గిట్టదు. అందుకని కాపీలు తీసేటప్పుడు అసలు టేపును కొంచెం జోరుగా తిప్పాడు. పాటలన్నీ ఇమిడాయి. వాటితో పాటు గొంతు కూడా సన్నబడిపోయింది.

"పాన్‌డబ్బా కాడ నిలబడి విన్న. ఈ పోరి ఎవరో గని నా పాటలు ఎత్కపోయింది అనుకున్న. ఓ పాట నడుమ నేను జర దగ్గి ఉంటి. గా దగ్గు గూడ వచ్చింది. అప్పుడు ఎర్కయింది, నేనే అని."

బేగంబజార్ వెళ్లి పెద్ద లొల్లి చేసిందట. సేఠ్ చల్లగా, "ఫికర్ ఎందుకమ్మా? చిన్న పిల్ల లెక్క ఉన్నవ్. మస్తు నడుస్తున్నది" అన్నాడట. నిజంగానే నడిచింది. నడిచింది కాబట్టే ఆ తర్వాత వచ్చిన ప్రతి క్యాసెట్‌నూ అదే జోరులో తిప్పారు. జనానికి ఆమె గొంతంటే అదే అయిపోయింది.

కష్టమంతా స్టేజీ మీద. ఒకసారి ఏదో కాలనీ పండుగకు పిలిస్తే వెళ్లి, తన శ్రుతిలో, తన కాలంలో పాడిందట. పిలిచిన పెద్దమనిషి మైకు దగ్గరకు వచ్చి, "క్యాసెట్ల పాడే ఆమెను పిలిస్తే ఆమె తల్లిని పంపిన్రా?" అన్నాడట. అందరూ నవ్వారట. తర్వాత కొన్నాళ్లు క్యాసెట్ గొంతునే అందుకోవాలని చూసింది. అంత పైన, అంత వేగంగా. గొంతు పూడిపోయి మాట రాని రోజులున్నాయట. చివరికి స్టేజీలే మానేసింది. ఈ కథ చెప్పేటప్పుడు కూడా ఆమె నవ్వుతూనే చెప్పింది. నాకే ఆ పెద్దమనిషి దొరికితే బాగుండుననిపించింది.

ఎవరైనా హడావుడి పడుతుంటే ఆమె అడిగే మాటొకటుంది: "ఎవలు తరుముతున్రు?" నేను ఆఫీసుకు ఒక చెప్పు వేసుకొని ఇంకో చెప్పుకోసం వెతుక్కుంటుంటే అదే మాట. కుక్కర్ విజిల్ రాకముందే మూత తీయబోతే అదే మాట. ఆమెకు వేగం అంటేనే ఒళ్లుమంట అని అప్పట్లో అనుకునేదాన్ని. ఎందుకుండదు మరి?

ఇక నిరుటి సంగతి. పక్కింటి అమ్మాయి ఫోన్ పట్టుకొని పరిగెత్తుకొచ్చింది. "పెద్దమ్మా, నీ పాట రీల్స్‌ల వస్తున్నది!" అంది. చూస్తే, ఆ పాత క్యాసెట్ పాటనే ఎవరో ఇంకా వేగం పెంచి పెట్టారు. దానికి పిల్లలు గంతులేస్తున్నారు. అత్తమ్మ కళ్లద్దాలు పెట్టుకొని చూసింది. మళ్లీ పెట్టమంది. "ఇంకా ఉరికిస్తున్రా నన్ను!" అని దగ్గొచ్చేదాకా నవ్వింది. ఆ అమ్మాయి వెళ్లిపోయాక మాత్రం నవ్వలేదు. చాలాసేపు అరుగు మీదే కూర్చుండిపోయింది.

"నేను సచ్చినంక గూడ గిట్లనే ఉరుకుతుంటనా? ఒక్కపారన్న నా నడక నేను నడవాలె బిడ్డా" అంది.

"పాడదాం అత్తమ్మా! అన్నీ మళ్లీ పాడదాం. మొట్టమొదటి పాటనుంచీ!" అన్నాను. నేనింత గట్టిగా అరిచానని గేదెలు కూడా తలలు తిప్పి చూశాయి.

చాదర్‌ఘాట్ వైపు చిన్న స్టూడియో నడిపే ఒకాయన దొరికాడు. మేం ముగ్గురం వెళ్లాం. అత్తమ్మకు ఒక అలవాటుంది. పాడబోయే గదిలోకి వెళ్లగానే "ఓ బిడ్డా!" అని ఒక్క కేక వేసి, ఆ గది ఏమంటుందో వినేది. అక్కడా వేసింది. గోడలన్నీ మెత్తలు. కేక ఎక్కడిదక్కడ ఇంకిపోయింది. "ఈ గోడలు పలుకుతలేవు" అని ముఖం చిట్లించింది. అయినా ఒక పాట పాడింది. బరువుగా, తాపీగా. డెబ్భై దాటిన గొంతు, ఒకటి రెండు చోట్ల వణికింది. నాకైతే అద్భుతంగా ఉంది. రికార్డింగ్ ఆయన చెవుల మీది హెడ్‌ఫోన్లు తీశాడు.

"చాలా బాగుంది మేడం. కానీ జనానికి తెలిసిన గొంతు వేరే కదా. ఒక్క నిమిషం," అని కంప్యూటర్‌లో ఏదో జరిపాడు. స్పీకర్లలోంచి ఆ గొంతు వచ్చింది. స్తంభాల మీది గొంతు, క్యాసెట్ గొంతు, అచ్చం అదే. మా ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. కళ్లల్లో నీళ్లు. "ఇదే! అమ్మా, ఇదే నీ గొంతు!"

అత్తమ్మ కొడుకు వైపు చూసిన చూపు నేను మరిచిపోలేను. "నిన్ను పండబెట్టిన గొంతు యాదికి లేదారా?" అంది.

"అది ఇంట్ల గొంతమ్మా. ఇది పాట గొంతు."

ఆటోలో ఇంటిదాకా బయటికే చూస్తూ కూర్చుంది. మా ఆయనను తప్పుపట్టడానికి నాకు నోరు రాలేదు. చిన్నప్పటినుంచీ బడిలో, గల్లీలో "మా అమ్మ" అని ఛాతీ విరిచి చెప్పుకున్నది ఆ గొంతును పట్టుకొనే కదా. ఆయనకు కూడా తల్లి పాట అంటే మైకులోంచి వచ్చేదే. ఊరు సంగతి పక్కన పెట్టండి, కన్నకొడుక్కే తెలియదు ఆమె అసలు గొంతు. ఇక ఈ పాటలు ఆమె గొంతుతో బయటికి రాకపోతే ఎప్పటికీ రావని ఆ ఆటోలోనే నాకు గట్టిగా అనిపించింది.

మర్నాడు పాలు కాస్తూ మా ఆయన ఎదుటే చెప్పేసింది. "పాట పాల లెక్కరా. మంట జోరు చేస్తే మస్తు పొంగుతది, చూడనీకి ముద్దుగుంటది. అడుగు మాడింది తాగినోనికే ఎర్క." రెండు రకాలుగానూ పెడదాం, ఇష్టమొచ్చినవాళ్లు ఇష్టమొచ్చింది వింటారని ఆయన బేరమాడాడు. "ఒక్క మనిషికి రెండు గొంతులు ఎందుకురా?" అంది. అంతే.

స్టూడియో ఆయన మంచివాడు. కాదనలేదు. "గోడలు పలికే చోటే చెప్పండి మేడం, నేనే మైకులు తెచ్చుకుంటాను" అన్నాడు. అత్తమ్మ మా ఇల్లంతా తిరిగి గదిగదికీ కేక వేసింది. ఖాళీ పాలక్యాన్లు పెట్టే గది ఉంది, షాబాదు బండలు పరిచినది, ఎత్తు కప్పు. అక్కడ "ఓ బిడ్డా!" అంటే గది తిరిగి అంది. "ఆఁ, గిది పలుకుతున్నది" అని చంటిపిల్లలా చేతులు చరిచింది.

అక్కణ్ణుంచి మా ఇంట్లో జాతరే! పురానాపూల్‌నుంచి బెంజో సాబ్ వచ్చారు. మొదటి క్యాసెట్‌లో వాయించింది ఆయనే. ఆమెకంటే పెద్దవారైనా ఆమెను "ఆపా", అంటే అక్కా, అనే పిలిచేవారు. తీగలు దించి, ఆమె శ్రుతికి కలిపి, ఒక్కసారి మీటి, కళ్లు మూసుకున్నారు. "ఆపా, ఇత్తే బరస్ బాద్ మేరా బెంజో మేరాచ్ లగ్రా" అన్నారు, ఇన్నేళ్లకు నా బెంజో నాదే అనిపిస్తోందని. క్యాసెట్‌లో ఆమె గొంతుతో పాటు ఆయన తీగలు కూడా పైకెక్కిపోయాయి కదా. ఇన్నేళ్లూ ఆయన కూడా తనది కాని బెంజోనే వింటున్నారన్నమాట. నాకు ఆ సంగతి అప్పటిదాకా తట్టనే లేదు.

పాతబస్తీలో నిశ్శబ్దం ఎక్కడ దొరుకుతుంది? పక్కనే ట్రంకుపెట్టెలు చేసే దుకాణం. ఎదురింట్లో కారం దంచే రోలు. మా ఆయన ముభావంగానే ఉన్నాడు కానీ పని మాత్రం ఎత్తుకున్నాడు. గుమ్మంలో నిలబడి ఎర్ర తువ్వాలు పైకెత్తితే పాట మొదలైనట్టు. తువ్వాలు లేచిందంటే ట్రంకుపెట్టెల భాయ్ సుత్తి గాల్లోనే ఆపేవాడు. ఎదురింటామె రోకలి పట్టుకొని బొమ్మలా నిలబడేది. ఆటోలు ఎవరి మాటా వినవు, వాటి కోసం మళ్లీ పాడాల్సి వచ్చేది. ఒక పాట చివర మా గేదె ఒకటి సాగదీసి అరిచింది. అందరం ఘొల్లుమన్నాం. "ఉండనియ్యున్రి, దానికి నచ్చింది" అంది అత్తమ్మ. అది అలాగే ఉంచారు. ఇప్పటికీ వినొచ్చు.

వంతపాటకు గల్లీ ఆడవాళ్లం నిలబడ్డాం. నేను కూడా! నా యాస విని అత్తమ్మ చెయ్యెత్తి ఆపింది. "నీ నోట్లకొస్తే అమ్మోరు గూడ అమ్మోరుగారు అయితున్నదే!" అంది. బెంజో సాబ్‌కు నవ్వాగక మీటలు తడబడ్డాయి. నన్ను వెనక వరసలోకి పంపారు. వెనకే అయినా ఉన్నాను. నా జీవితంలో అంత సంతోషంగా గడిచిన రోజులు వేళ్లమీద లెక్కపెట్టొచ్చు. ఆఫీసులో కూర్చుంటే చేతులు కీబోర్డు మీద డోలక్ వాయించేవి.

పేరేం పెడదాం అని స్టూడియో ఆయన అడిగితే ఆమె ఆలోచించనైనా లేదు. "మళ్ల పాడిన, అని పెట్టు." ఈసారి బొమ్మ కూడా ఆమెదే. కళ్లద్దాలు పెట్టుకొని, పాలక్యాన్ల మధ్య.

ఆషాఢం మొదలవుతుండగా విడుదలైంది. నేను ఊరంతా ఊగిపోతుందనుకున్నాను. చుట్టాలు "బాగుంది, బాగుంది" అన్నారు, బాగా లేని కూరను అన్నట్టు. గల్లీలో బోనాల ఏర్పాట్లు చూసుకునే కుర్రాళ్ల పెద్ద వచ్చి, నేల చూపులు చూస్తూ, "అమ్మా, పాట మస్తున్నది. గని దీనికి ఎగరనీకి వస్తలేదు" అన్నాడు. ఫోన్‌లో ఎవరో "ముసలామె ఎవరో మంచి పాటను ఖరాబ్ చేసింది" అని రాశారు. ఆమె అన్నీ చదివించుకొని విన్నది. ఆ రాసినవాడికి నాలుగు పెడదామని నేను వేళ్లు ఆడిస్తుంటే ఫోన్ లాక్కుంది. "ఎవలు తరుముతున్రే నిన్ను? ఆగు." మాట తేలిగ్గానే అంది. కానీ ఆ రెండు మూడు రోజులు గేదెల దగ్గర కూనిరాగం వినబడలేదు. మా ఆయన కూడా అదే గమనించాడు.

బోనాల రోజు వచ్చింది. ఊరేగింపు ముందు స్పీకర్ల లారీ, దాని ముందు కుర్రాళ్లు. పాత పాటే, క్యాసెట్ గొంతే. ఎగిరేవాళ్లు ఎగురుతూనే ఉన్నారు, ఊరేగింపు కదలదు. వాళ్ల వెనక బోనాలెత్తుకున్న ఆడవాళ్లు. నెత్తిన కుండ, కుండ మీద దీపం. ఒక చెయ్యి కుండకు ఆనించి, మెడ తిప్పకుండా, ఎండలో అలా నిలబడిపోయారు. మా గుమ్మంలో అత్తమ్మను కుర్చీ వేసి కూర్చోబెట్టాం. బోనం ఎత్తిన వాళ్ల కాళ్ల మీద పోయడానికి మా ఆయన బిందెలో పసుపునీళ్లు పట్టుకొని నిలబడ్డాడు.

లారీ మా ఇంటి ముందుకు రాగానే కుర్రాళ్ల పెద్ద చెయ్యెత్తాడు. "అమ్మ ఇల్లు వచ్చింది. అమ్మ కొత్త పాట వెయ్యున్రి." మర్యాదకే అన్నాడు, ఒక్క నిమిషం వేసి తీసేద్దామనే అన్నాడు. అత్తమ్మ గొంతు మొదలైంది. అన్ని స్పీకర్లలోంచి, గల్లీ గోడలన్నీ పలికేలా. కుర్రాళ్లు చేతులెత్తారు. అడుగు ఎక్కడ వెయ్యాలో దొరకలేదు. చేతులు దించారు. ఒక్కొక్కరే పక్కకు జరిగి గోడలకానుకున్నారు. అయిపోయింది, ఇప్పుడు పాట మార్చేస్తారు అనుకున్నాను. అత్తమ్మ వైపు చూసే ధైర్యం లేకపోయింది.

దారి ఖాళీ అయింది. ఖాళీ అయిన దారిలోకి బోనాలు వచ్చాయి.

వాళ్లను ఎవరూ నడవమనలేదు. ముందున్నామె అడుగు వేసింది, పాట మీద పడింది. వెనకామెదీ పడింది. ఆ వెనక వరసంతా కదిలింది. నెత్తిన కుండ, కుండ మీద వెలిగే దీపం మోసేవాళ్లు ఎంత వేగంగా నడవగలరో, ఆ పాట వేగం సరిగ్గా అంతే. ఆమె ఆ పాట కట్టింది వాళ్ల కోసం. ఇన్నేళ్లూ వాళ్ల పాటనే వాళ్లకు అందకుండా పరిగెత్తించారు! నాకు అరవాలనిపించింది. ఒకామె కుండకు ఆనించిన చెయ్యి తీసేసింది. కుండ కదల్లేదు. మెడ తిప్పకుండానే కేక వేసింది: "అన్నా, గిదే ఉండనియ్! మార్చకు!" వెనకనుంచి ఇంకో గొంతు, ఇంకోటి: "మార్చకున్రి! మళ్ల వెయ్యున్రి!" పాట మళ్లీ మొదటినుంచి వచ్చింది.

మా ఆయన వంగి ఒక్కొక్కరి కాళ్ల మీద నీళ్లు పోస్తున్నాడు. పోస్తూ పోస్తూ పాడుతున్నాడు. పాడుతున్నట్టు ఆయనకు తెలియదు. చిన్నగా, బరువుగా, కింది శ్రుతిలో, తల్లి ఎక్కడ పాడుతోందో అక్కడే. అంతసేపూ కళ్లు మూసుకొని వింటున్న అత్తమ్మ కళ్లు తెరిచింది. స్పీకర్ల వైపు చూడలేదు. వంగి ఉన్న కొడుకు వీపు వైపు చూసింది. ఆ వీపు మీద చెయ్యి వేసింది. ఆయన తల ఎత్తలేదు, పాట ఆపలేదు.

ఊరేగింపు మలుపు తిరిగింది. గల్లీలో దారి పొడవునా పసుపునీళ్ల అడుగులు మిగిలాయి, అన్నీ ఒకే ఎడంలో, మలుపు దాకా. అంతసేపూ ఎగిరిన కుర్రాళ్లు కూడా ఇంకా గోడల పక్కనుంచే నడుస్తున్నారు. ఆ అడుగులు ఎండలో ఆరేదాకా దారి నడుమ ఎవరూ కాలు పెట్టలేదు.